దవన పున్నమ - అక్కమహాదేవి చూపిన పూర్ణిమ



చైత్రశుద్ధ పూర్ణిమను కర్ణాటక దేశమున 'దవనద హుణ్ణిమె' యందురు. మన భాషలో దవన పున్నమ యనవచ్చును. శివశరణి అక్కమహాదేవి ఈ దినముననే జన్మించెనని సంప్రదాయము. అందుచే వీరశైవ మఠములయందును, లింగవంతుల గృహములయందును ఈ పున్నమను అక్కమహాదేవి జయంతిగా పాటించుచున్నారు. దీనికి పదునెనిమిదవ తిథియగు వైశాఖశుద్ధ తదియనాడు బసవేశ్వరుల జయంతి వచ్చును. అక్క జయంతి ముందు, అన్న జయంతి వెనుక. ఈ రెండు పర్వములును ఇంత దగ్గఱగా వచ్చుట తిథుల వరుసచేత కలిగినదే యైనను, భక్తునకు అందొక యర్థము గోచరింపకపోదు. దానిని ఈ వ్యాసము చివర విన్నవించెదను.

తిథికి మహిమ కలదా?

మొట్టమొదట ఒక సందేహమును తీర్చుకొనవలసి యున్నది. వారము, తిథి, నక్షత్రము, శకునము అను వానికి లొంగి బ్రదుకువాడు లింగవంతుడు కాడని బసవాది శరణులు బోధించిరి. శివుని స్మరించిన దినమే సుదినము. శివశరణుడు గడప త్రొక్కిన వేళయే శుభలగ్నము. ఇట్టి సిద్ధాంతము గల మనము పున్నమను పర్వముగా జరుపుకొనుట తగునా యని కొందఱు యువకులు ప్రశ్నించుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. దానిని ధిక్కారమని కసరి వేయుట పెద్దఱికము కాదు.

దీనికి సమాధానమిది. పున్నమ యగుటచేత ఆ దినమున లింగపూజకు ఎక్కువ ఫలమును, మఱునాడు తక్కువ ఫలమును కలుగునని మనము నమ్ము టలేదు. కరస్థలమున లింగమున్నవానికి ప్రతి ప్రాతఃకాలమును పర్వకాలమే. అయినను మానవుడు మఱపు గలవాడు. వ్యాపారి ప్రతిదినమును వ్రాసుకొన్న లెక్కలను ఏడాది కొకమాఱు మొదటినుండి సరిచూచుకొనును. చైత్రమాసము నాటికి రబీ పంటలు ఇల్లు చేరును. రైతు గాదెలోని గింజలను, తీర్పవలసిన ఋణములను ఒకమాఱు తలచుకొనును. పర్వదినము ఆత్మకు అట్టి లెక్కల దినము. తిథి మనలను పవిత్రులను చేయదు. మన మెంత పవిత్రులమైతిమో చూచుకొనుటకు అది యొక గుఱుతు మాత్రమే. ఈ భావముతో జరిపిన పండుగ బసవమార్గమునకు విరుద్ధము కాదు. ఈ భావము విడిచి, పున్నమనాడు పూలు ముంచెత్తి పాడ్యమినాడు లింగమును మఱచుటయే విరుద్ధము.

పూర్ణచంద్రుడు చెప్పు పాఠము

చిత్తా నక్షత్ర ప్రాంతమున చంద్రుడు నిండుగా నుండు మాసము గనుక ఇది చైత్రమైనది. సూర్యుడు పడమట క్రుంకు వేళకే ఆ చంద్రుడు తూర్పున ఉదయించును. చంద్రునకు స్వంత కాంతి లేదని మన పెద్దలును ఎఱుగుదురు, నేటి శాస్త్రజ్ఞులును చెప్పుదురు. అది సూర్యుని వెలుగే. ఇందు మఱియొక విశేషము గలదు. చంద్రగోళములో ఒక సగము, గ్రహణకాలములను మినహాయించినచో, ఎల్లప్పుడును సూర్యకాంతిచే వెలుగుచునే యుండును. విదియనాడును అంతే, పున్నమనాడును అంతే, అమావాస్యనాడును అంతే. మనవైపు తిరిగిన భాగములో ఎంత వెలుగు కనబడుచున్నదో అదియే మాఱుచుండును. చంద్రుడు పెరుగుటయు లేదు, తఱుగుటయు లేదు. వెలిగిన ముఖము మనకు కనబడుట, కనబడకుండుట మాత్రమే కలదు.

జీవుని విషయమును ఇట్లే భావింపదగును. శివుని చైతన్యము సోకని జీవుడు లేడు. దీక్షాకాలమున గురువు శిష్యుని మస్తకముపై హస్తముంచి, లోపలనున్న ఆ చైతన్యమునే ఇష్టలింగముగా కరస్థలమున నిలుపును. క్రొత్త వెలుగు నెచ్చటినుండియో తెచ్చి యిచ్చుట కాదు. ఉన్న వెలుగునకు మనలను అభిముఖులను చేయుట. లింగమును ఎడమ అఱచేత నుంచి, రెప్ప వాల్పక చూచు శివయోగములో ఈ అభిముఖతయే సాధన. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములని చెప్పబడిన ఆఱు స్థలములును ఈ తిరుగుటలోని మెట్లే. ఐక్యస్థలము చేరినవానికి మఱల కృష్ణపక్షము లేదు. ఆకాశచంద్రునకును శరణునకును భేద మిదియే.

ఇంకొక సంగతి. శివుడు శిరమున ధరించినది పూర్ణచంద్రుని కాదు, రేఖామాత్రుడైన బాలచంద్రుని. నిండిన వానిని నెత్తిన పెట్టుకొనువారు లోకమున పెక్కురు. నిండని వానికి చోటిచ్చువాడు పరమేశ్వరుడు. కావున, నాకు జ్ఞానము చాలదు, నాకు శుచి చాలదు, నేను స్త్రీని, నేను చదువుకొననివాడను అని లింగమునకు దూరముగా నిలుచువారు ఆ చంద్రరేఖను ఒకమాఱు తలంపవలయును. అంతకంటె ముందుగా, ఇతరులను అట్లు దూరముగా నిలుపువారు తలంపవలయును.

దవనము

ఈ పున్నమకు దవనము పేరెట్లు వచ్చినదో గమనింతము. దవనము చిన్న మొక్క. చైత్రశుద్ధమున దేవతలకు దవనపత్రి సమర్పించు దమనోత్సవము ఆగమ సంప్రదాయమున గలదు. మన స్త్రీలు పూలదండలలో మరువముతో పాటు దవనము చేర్చి కట్టుదురు. దాని పువ్వు కంటికి ఆనదు. రంగుల శోభ లేదు. పరిమళమంతయు ఆకులోనే యున్నది. మల్లె వాడినచో వాసన పోవును. దవనము ఎండిన తరువాతను సువాసన నిచ్చుచునే యుండును.

అక్కమహాదేవికి ఇంతకంటె తగిన పత్రి వేఱొకటి లేదు. రూపమును అలంకారముగా చేసికొనక, అలంకారమును త్యజించి, ఆ త్యాగమునే పరిమళముగా చేసికొన్న తల్లి యామె. ఆమె జీవితము ముగిసి ఎనిమిది శతాబ్దములు దాటినను ఆ సువాసన వీడలేదు.

అక్క జీవితము

నేటి కర్ణాటకములో శివమొగ్గ జిల్లా శికారిపుర తాలూకాలోని ఉడుతడి ఆమె జన్మస్థలము. కాలము 12వ శతాబ్దము. నిర్మలుడు, సుమతి యను శివభక్త దంపతుల బిడ్డ యని సంప్రదాయము. బాల్యముననే గురువు వలన లింగదీక్ష పొంది, చెన్నమల్లికార్జునుని తన పతిగా భావించెను. ఆమె వచనములన్నింటికిని ఆ నామమే అంకితముద్ర. కౌశికుడను రాజు ఆమె సౌందర్యమును చూచి మోహించెను. ఆమె ఆ రాజును వివాహమాడెనా, లేదా యను విషయమున పూర్వకవులు ఏకాభిప్రాయులు కారు. కాని ఒక విషయమున అందఱును ఏకమే. ఆమె లింగనిష్ఠకు ఆ రాజు భంగము కలిగింపగా, రాజ్యమును, అంతఃపురమును, నగలను, చివరకు వస్త్రమును కూడ విడిచి, కేశములనే ఆచ్ఛాదనముగా చేసికొని, ఒంటరిగా కల్యాణమునకు బయలుదేఱెను.

ఇచ్చట ఒక క్షణము ఆగవలయును. ఈ కథను మనము అలవాటుచే తేలికగా చెప్పి ముందునకు సాగుచున్నాము. పడుచు ప్రాయమున నున్న ఒంటరి స్త్రీ, అన్నము పెట్టువారెవరో తెలియక, అడవులలోను పల్లెలలోను వందల మైళ్ళు నడచుట సామాన్యము కాదు. దారిలో ఆకలి, చలి, దుష్టుల చూపులు అన్నియు ఉండును. ఆ నడకలో ఆమెకు తోడుగా నున్నది కంఠమునందలి లింగమొక్కటియే. మనము లింగమును ధరించుచున్నాము. లింగము మనలను మోయగలదని ఆమె నమ్మెను. ధారణమునకును శరణాగతికిని గల తేడా యిది.

కల్యాణములో అల్లమప్రభువు అధ్యక్షతను అనుభవమంటపము జరుగుచుండెను. ఆమె రాగానే సభ వెంటనే పాదములకు మ్రొక్కలేదు. అల్లమప్రభువు కఠినముగా పరీక్షించెను. వస్త్రము విడిచినదానవు కేశములతో దేహమును కప్పుకొనుట యేల యని ప్రశ్నించెను. తన కొఱకు కాదనియు, చూచువారి మనస్సు నొవ్వకుండుటకే యనియు ఆమె వినయముగా ఉత్తరమిచ్చెను. ఈ సంవాదమును శూన్యసంపాదనె విస్తరముగా వర్ణించుచున్నది. ఆ ప్రశ్నోత్తరముల పిమ్మట బసవేశ్వరులు, చెన్నబసవేశ్వరులు మొదలైన మహామహులు ఆమెను కొనియాడిరి. వయస్సున చిన్నదైన ఆమెను పెద్దలందఱును 'అక్క' యని పిలిచిరి.

ఈ పిలుపును తేలికగా ఎంచరాదు. తెలుగునను కన్నడమునను అక్క యను మాట ఒక్కటే. అక్క యనగా మనకంటె ముందు పుట్టినది, మనలను చేయి పట్టి నడిపించినది. ఆ సభలో రాజ్యభాండారము నేలిన మంత్రియు, పడవ నడిపినవాడును, చర్మము కుట్టినవాడును సమానముగా కూర్చుండిరి. వారందఱును ఒక యువతిని తమకు ముందు పుట్టినదానిగా అంగీకరించిరి. దేహము పుట్టిన సంవత్సరము వారికి లెక్క కాలేదు. వెలుగు పుట్టిన క్షణము లెక్క యైనది.

కల్యాణమునుండి ఆమె శ్రీశైలమునకు వచ్చెను. కదళీవనమున లింగైక్యము పొందెనని శరణచరిత్రలు చెప్పుచున్నవి. కృష్ణాతీరమున, నేటి తెలంగాణ రాష్ట్రము నాగర్‌కర్నూలు జిల్లా పరిధిలో అక్కమహాదేవి గుహలు గలవు. శ్రీశైలమునుండి యాత్రికులు నదిపై పడవలో పోయి దర్శించుచున్నారు. లోపలనున్న లింగమును చూడగోరువారు ఇఱుకైన చీకటిదారిని దేహమును ఒదిగించుకొని పోవలయును. అహంకారముతో ఱొమ్ము విఱుచుకొని పోవుటకు అందు చోటు లేదు. ఈ విధముగా కన్నడదేశమున పుట్టిన జ్యోతి మన తెలుగుసీమలోనే శివునిలో లీనమైనది. ఉడుతడి ఆమెకు పుట్టినిల్లు. శ్రీశైలము ఆమె చేరిన ఇల్లు. కావున ఈ పున్నమ తెలుగు లింగవంతులకు పరాయి పండుగ కాదు.

మన యింటిలోని అమావాస్య

ఇక మన సంగతి విచారింతము. పండుగనాడు అక్కమహాదేవి పటమునకు దండ వేయుదుము. ఆమె వచనములు పాడింతుము. ఉపన్యాసములు జరుపుదుము. ఆ యుపన్యాసము జరుగు వేళ, మన యింటి ఆడుబిడ్డ ఎచ్చట నున్నది? ఆమెకు లింగదీక్ష జరిగినదా? జరిగినచో, ప్రతిదినమును కూర్చుండి లింగపూజ చేసికొనుటకు ఆమెకు ఒక ఘడియ తీఱిక నిచ్చుచున్నామా?

కొన్ని గృహములలో కుమారునకు దీక్ష శ్రద్ధతో జరిగించి, కుమార్తెకు 'పెండ్లినాడు చూచుకొందము' అని వాయిదా వేయుచున్నారు. కొన్ని గృహములలో పెండ్లియైన పిదప ఆమె లింగము పెట్టెలోని నగవలె దాచబడుచున్నది. ఇంకను కొన్ని గృహములలో నెలకు మూడు నాలుగు దినములు ఆమెను లింగమునకే దూరముగా నుండుమందురు. ఇది లోకాచారమని కొందఱు సమర్థింతురు. లోకాచారము కావచ్చును, వీరశైవాచారము మాత్రము కాదు. జననము, మరణము, రజస్సు, ఎంగిలి, జాతి అను వానివలన కలుగుననెడు పంచసూతకములు లింగధారికి లేవని శరణుల నిర్ణయము. వచనములు మాత్రమే కాదు. సిద్ధాంతశిఖామణియు లింగార్చనపరురాలైన స్త్రీకి ఋతుసూతకము లేదని స్పష్టముగా చెప్పుచున్నది. కన్నడ వచనమును సంస్కృతశాస్త్రమును ఏకవాక్యముగా చెప్పిన విషయమును మనము మాత్రము ఇరుగుపొరుగువారి మాటకు జంకి విడిచిపెట్టుట యేమి ధర్మము?

అన్నింటికి మూలమైన ఒక ఘట్టమును స్మరింతము. బసవేశ్వరులు బాల్యముననే ఉపనయనమును నిరాకరించి, తండ్రితో వాదించి, ఇల్లు విడిచినట్లు పాల్కురికి సోమనాథకవి బసవపురాణమున వర్ణించెను. అక్కయైన నాగమ్మకు లేని సంస్కారము తనకు వలదని ఆ బాలుడు పలికెనని కర్ణాటకమున వ్యాపించిన కథ. కవులు ఏ విధముగా చెప్పినను ఫలిత మొక్కటే. ఆయన స్థాపించిన మార్గములో తమ్మునకు ఏ దీక్షయో అక్కకును ఆ దీక్షయే. తోబుట్టువుల మధ్య గోడ కట్టిన సంస్కారమును విడిచి వచ్చిన మహనీయుని పేరు చెప్పుకొనుచు, మన యింట ఆ గోడనే మఱల కట్టుట ఎంత విచారకరము!

చంద్రుని దృష్టాంతమును ఇచ్చట మఱల తలంపుడు. వెలుగు చంద్రునిలో ఎల్లప్పుడును ఉన్నది. మన చూపున కందనప్పుడు అమావాస్య యనుచున్నాము. మన కుమార్తెలో, కోడలిలో, వంటయింటిలోని వృద్ధమాతలో శివుని వెలుగు లేక కాదు. మనము చూచు తావునుండి అది కనబడుట లేదు. అమావాస్య వారిలో లేదు. మనము నిలిచిన చోట నున్నది.

'మా యింటి స్త్రీలే అడుగుట లేదు, మేమేమి చేయుదుము' అను మాటయు వినబడుచుండును. తరతరములుగా తలుపు మూసి, తట్టలేదని నింద మోపుట న్యాయము కాదు. 12వ శతాబ్దమున ఆ తలుపు తెఱువబడగానే ఏమి జరిగినదో చూడుడు. ముప్పదికి పైగా శివశరణులు స్త్రీలు వచనములు చెప్పిరి. వారిలో బసవేశ్వరుల ధర్మపత్ని నీలాంబిక కలదు. నూలు వడికిన రెమ్మవ్వ కలదు. తన పూర్వజీవితమును విడిచి వచ్చిన సంకవ్వ కలదు. వారికి పాఠశాలలు లేవు. లింగము, గురువు, కూర్చుండుటకు సభలో ఒక చోటు, ఇంతియే లభించినవి. అవి చాలినవి.

పూర్ణత యనగా చాలుననుట

ఆ శరణులలో ఆయ్దక్కి లక్కమ్మ యొకతె. ఆమె భర్త మారయ్య, నేలరాలిన బియ్యపు గింజలను ఏఱి తెచ్చు కాయకము చేయుచుండెను. ఆ బియ్యముతోనే దాసోహము నడుచుచుండెను. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చునంతకంటె అధికముగా తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఇంత ఆశ మనకేల, మిగిలినది మరల అచ్చటనే పోసి రమ్మని భర్తను పంపెను. గింజలను ఏఱుకొని బ్రతుకు ఇల్లాలు, కల్యాణమున ఎవ్వరికిని లేని సంపదను చూపినది. ఆ సంపద పేరు 'చాలును'.

పూర్ణిమ యనగా ఈ చాలుననుటయే. సముద్రము వలె ఎంత పోసినను నిండనివాడు నిండుదనమును ఎఱుగడు. మన వివాహములలో కట్నములకును, ఆడంబరములకును చేయు వ్యయమును చూచినచో, మనము లక్కమ్మ సంతతివారమా యను శంక కలుగును. అక్కమహాదేవి రాజు నగలను విడిచి నడచిన మార్గమున, ఆమె పేరు పెట్టుకొన్న బిడ్డకు ఇన్ని తులములు పెట్టవలయునని బేరమాడుట జరుగుచున్నది. ఇది ఆమె జయంతికి తగిన పూజ యగునా?

పర్వాచరణము

ఈ పున్నమను ఎట్లు జరుపుకొనవలయునో కొన్ని మాటలు మనవి చేయుదును. ఇవి విధినిషేధములు కావు. సహధర్ముల యాలోచనకు ఉంచిన సూచనలు.

సూర్యోదయమునకు ముందే ఇంటిల్లిపాదియు స్నానము చేసి, విభూతి రుద్రాక్షలను ధరింపవలయును. ఆ దినమున ఇంటిలో లింగపూజ అందఱును ఒకే చోట కూర్చుండి, ఒకే వేళ చేయవలయును. పురుషులు ముందు పూజించి, స్త్రీలు వంట ముగిసిన తరువాత చేసికొనుట ఈ యొక్కదినమైన మానవలయును. వంట పని ఆలస్యమగునందురా? పురుషులు కూరగాయలు తఱుగుటకు కూర్చున్నచో ఆలస్యము కాదు. అదియును కాయకమే. లింగమునకు దవనపత్రి దొరికినచో సమర్పింపుడు. దొరకనిచో ఒక పత్రిదళము చాలును. పంచాక్షరిని పిల్లలచేత పెద్దగా పలికింపుడు.

ఉపవాసముతో దేహమును శోషింపజేయుట మన మార్గము కాదు. లింగమునకు అర్పించి, ప్రసాదముగా మితముగా భుజించుటయే ప్రసాదిస్థలము. మధ్యాహ్నము జంగమునకును, ఆకలిగొన్నవారికిని దాసోహము జరుపవలయును. వచ్చినవారి కులమడిగి ఆకు వేయువాడు దాసోహము చేసినవాడు కాడు. ఇంట పనిచేయు స్త్రీని ఆనాడు పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డింపుడు. అది అక్కకు చేసిన నైవేద్యము.

జీవహింస పర్వములకు తగదు. శ్రీశైలమున చైత్రపూర్ణిమ వెళ్ళిన పిమ్మట, ముందుగా వచ్చు మంగళవారమునగాని శుక్రవారమునగాని భ్రమరాంబాదేవికి కుంభోత్సవము జరుగును. పూర్వము అచ్చట జంతుబలులు జరిగెడివి. నేడు గుమ్మడికాయలు, కొబ్బరికాయలు, నిమ్మకాయలతో సాత్త్వికబలి సమర్పించుచున్నారు. ఆచారము ఎంత పాతదైనను దయ ముందు తలవంచగలదనుటకు ఇది ప్రత్యక్షసాక్ష్యము. దయయే ధర్మమునకు మూలమని బోధించిన బసవేశ్వరుల మాట మల్లికార్జునుని సన్నిధిని ఈ విధముగా ఫలించినది. కొండమీద మాఱిన ఆచారము మన గడపలోపల మాఱలేదనుట తగునా?

సాయంకాలము చంద్రోదయవేళ మఠప్రాంగణమునగాని, ఇంటి ముంగిటగాని వెన్నెలలో అనుభవగోష్ఠి జరుపుడు. అక్క వచనములలో ఒకటి రెండింటిని చదివి, అర్థము విచారింపుడు. ఆ గోష్ఠిలో మొదటి మాట స్త్రీదిగా ఉండవలయును. ఆమె వేదికపై ఉపన్యసింప నక్కఱలేదు. తన నిత్యజీవితములో లింగము తనకు ఎట్లు తోడైనదో నాలుగు మాటలు చెప్పిన చాలును. మఠాధిపతులకు ఒక ప్రత్యేక ప్రార్థన: దీక్ష పొందని బాలికలు మీ ప్రాంతమున ఎందఱు గలరో విచారించి, ఈ పర్వసందర్భమున వారికి దీక్ష నొసగుడు. శతకోటి బిల్వార్చనలకంటె అది శివునకు ప్రీతికరము.

పదునెనిమిది దినముల వ్రతము

ఆరంభమున చెప్పిన మాటకు వత్తును. అక్క పున్నమనుండి బసవజయంతి వఱకు పదునెనిమిది తిథులు. ఈ కాలమును ఒక చిన్న వ్రతముగా చేసికొనవచ్చును. ఇందులో కలశము లేదు, ఉద్యాపన లేదు, దక్షిణ లేదు. ప్రతిదినమును ఇంటివారందఱును, స్త్రీపురుషులు, పిల్లలు పెద్దలు, ఒక్కసారి కలిసి లింగపూజకు కూర్చుండుట. ప్రతిదినమును చేసిన కాయకములో ఒక పిడికెడు దాసోహమునకు తీసి యుంచుట. ఈ రెండే నియమములు. బసవజయంతినాడు ఆ పిడికెళ్ళనన్నింటిని చేర్చి ఆకలిగొన్నవారికి వండి పెట్టుడు.

ఈ దినములలో ఆకాశమున చంద్రుడు క్షీణించుచు పోవును. పదునైదవ దినమున అమావాస్య వచ్చును. పైని చంద్రుడు కనబడని ఆ రాత్రియు మన యింట లింగదీపము వెలుగుచునే యున్నచో, మన సాధన తిథిని దాటినదని అర్థము. పున్నమనాడు వెన్నెల చూచి పరవశించుట అందఱును చేయగలరు. అమావాస్యనాడు, పూలు లేనినాడు, పాటలు లేనినాడు, చేతిలో లింగమును పట్టుకొని, ఇంటి ఆడుబిడ్డ ప్రక్కన సమముగా కూర్చుండుటయే అక్క చూపిన పూర్ణిమ. ఆపై మూడవనాటి చంద్రరేఖ బసవజయంతి దినమున పడమటి దిక్కున తోచును. అది శివుడు తలపై ధరించు రేఖయే గదా!

దవనపు ఆకు ఎండినను పరిమళించునట్లు, పండుగ ముగిసినను మన గృహములలో ఈ సమత్వము పరిమళించుగాక. చెన్నమల్లికార్జునుని కృపయు, బసవాది ప్రమథుల ఆశీస్సులును సర్వశరణులకు లభించుగాక.

ఓం నమః శివాయ. శరణు శరణార్థి.